లెక్కలు చెప్పండి

ఆ గురువారం పొద్దున పాసింజరుకి తెనాలి వెళ్లి, మూగబోయిన హారన్ బాగుచేయించుకుని, మధ్యాహ్నం భోజనానికల్లా రేపల్లె వచ్చేయాలని ఇమ్తియాజ్ అనుకున్నాడు. ఊళ్లో అతనికి మైకుసెట్ల దుకాణం ఉంది. ఉరుసుకైనా, చర్చి పండగకైనా, నవమి పందిరికైనా అతని హారన్లే మోగాలి. ఎన్నికల తేదీలింకా ప్రకటించలేదు గానీ ఊళ్లో జెండాలు లేస్తున్నాయి. ఇలాంటి రోజుల్లో మూగ హారన్‌ని ఇంట్లో పెట్టుకున్నవాడు వానాకాలం చిల్లుగొడుగు పట్టుకున్నవాడితో సమానమని అతని అభిప్రాయం.

భార్య గౌసియా ఉప్మా వడ్డించింది. పదో తరగతి చదువుతున్న కూతురు సుమయా పళ్లెం ముందు కూర్చోకుండా లేచి నిలబడింది. గరిటె చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకుంది.

"సోదర సోదరీమణులారా! ఈ ఇంట్లో ఏళ్ల తరబడి ఉప్మా పాలన సాగుతోంది. ప్రజలు విసిగిపోయారు. మార్పు కోరుతున్నారు. మీ అమూల్యమైన ఓటు దోసెకే వేసి, అత్యధిక మెజారిటీతో..."

ఇమ్తియాజ్‌కి నవ్వాగక పొలమారింది. గౌసియా మాత్రం నవ్వలేదు.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇది?"

"బళ్లో అమ్మీ. నిన్న లెక్కల పీరియడ్లో గొడుగు పార్టీ మత్తయిగారొచ్చి మాట్లాడారు. మీ అమ్మానాన్నలకి చెప్పండి, గొడుగుకే వేయమనండి అన్నారు. హెడ్మాస్టరుగారు చప్పట్లు కొట్టించారు."

'లెక్కల పీరియడ్లో' అన్న మాట దగ్గరే గౌసియా ఆగిపోయింది. ఆమె చదువు పదో తరగతి లెక్కల దగ్గరే ఆగింది. ఆ ఒక్క సబ్జెక్టు తప్పినందుకు ఇంట్లోవాళ్లు ఇక చాల్లెమ్మన్నారు, పెళ్లి చేశారు. కూతురు ఆ గడప దాటితే చాలని ఆమె రోజూ ఐదుపూటలా అల్లాని అడుగుతుంది. పరీక్షలు మార్చిలో. ఇది జనవరి.

"మీరు తెనాలి వెళ్లండి. నేను బడికి వెళ్తాను," అంది భర్తతో.

వెళ్తూ పక్కింటి ఈశ్వరమ్మని కూడా పిలిచింది. ఈశ్వరమ్మ పుట్టిల్లు పేరాల. అక్కణ్ణుంచి చీరలు తెప్పించి ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది కాబట్టి ఎవరితోనైనా మాట్లాడగలదు. ఆమె కొడుకు సాయి తేజ సుమయా క్లాసే.

హెడ్మాస్టరు దశరథరామయ్యగారు చాలా మంచివాడు. ఆయనతో వచ్చిన చిక్కంతా అదే. ఎవరేమడిగినా 'అలాగేనండి' అంటాడు. 'కాదు' అనే మాట ఆయన నోట్లోంచి రాదు. ఆ మధ్య బడి మైదానం ఒకే రోజున ఒకరు పెళ్లి విందుకీ, ఇంకొకరు వాలీబాల్ పోటీకీ అడిగితే ఇద్దరికీ అలాగేనండి అన్నాడు. ఆ పెళ్లిలో బంతి వచ్చి సాంబారు గంగాళంలో పడిన సంగతి ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

"ఏంటి సార్ ఇది?" అంది గౌసియా. "పిల్లలకి ఒక్క పార్టీవాళ్ల మాటలే చెప్పిస్తారా? ఇదేం న్యాయమండి?"

అసలు చెప్పదలుచుకున్నది ఆ తర్వాత చెప్పింది. బళ్లో రాజకీయాలెందుకు, పాఠాలు చెప్పండి అని. కానీ సరిగ్గా అప్పుడే కిటికీ పక్కన గంట గణగణ మోగింది. దశరథరామయ్యగారికి మొదటి సగమే వినబడింది. మిగతా సగం మళ్లీ చెప్పమని అడిగితే బాగుండదని ఊరుకున్నాడు.

"నిజమేనమ్మా. న్యాయం కాదు. రేపే సరిచేస్తాను," అన్నాడు.

"ఎంత మంచాయన వదినా! ఒక్క మాటకే ఒప్పుకున్నాడు," అంది ఈశ్వరమ్మ గేటు దాటాక.

మంచాయన మాట తప్పలేదు. మర్నాడే నిచ్చెన పార్టీ పరంధామయ్యగారిని పిలిపించాడు. మత్తయిగారు ఒక పీరియడు మాట్లాడితే, ఆలస్యంగా వచ్చినందుకు పరిహారంగా పరంధామయ్యగారు రెండు మాట్లాడారు. సాయంత్రం సుమయా జాకెట్టు మీద అట్టముక్క నిచ్చెన గుచ్చుకుని ఇంటికొచ్చింది. సాయి తేజ మత్తయిగారిచ్చిన గొడుగు బ్యాడ్జీ తియ్యనన్నాడు. మధ్యాహ్నం మంచినీళ్ల కుళాయి దగ్గర ఇద్దరూ ఒకరి పార్టీని ఒకరు తిట్టుకున్నారు. ఆ తర్వాత ఒకరి తలిదండ్రులని ఒకరు తిట్టుకున్నారు. ఊళ్లో పెద్దవాళ్లు ఏళ్ల మీద నేర్చుకునే విద్య పిల్లలకి రెండు రోజుల్లో పట్టుబడింది.

"మైకు కూడా పెట్టారు అమ్మీ. భలే మోగింది," అంది సుమయా.

గౌసియా భర్త వైపు తిరిగింది. "ఎవరిదండీ ఆ మైకు?"

ఇమ్తియాజ్ తలెత్తకుండా అన్నం కలుపుకుంటున్నాడు. "హెడ్మాస్టరుగారు ఫోన్ చేశారు. స్కూలు ఫంక్షనేమో అనుకున్నా."

"అక్కడ నిచ్చెన జెండా కనిపించలేదా?"

"కనిపించింది. బేరం బేరమే కదా గౌసియా. మైకుకి పార్టీ ఏముంది?"

ఆ పూట అతనికి పెరుగు దొరకలేదు.

శనివారం ఇద్దరు తల్లులూ మళ్లీ వెళ్లారు. ఈసారి గంట మోగి ఆగేదాకా గుమ్మం దగ్గరే నిలబడి, ఆ తర్వాత లోపలికి నడిచారు.

"సార్, బాగా వినండి. మాకు ఏ పార్టీ వద్దు. గొడుగూ వద్దు, నిచ్చెనా వద్దు. ఏ పార్టీ వద్దు! అర్థమైందాండి?"

"ఏ పార్టీ వద్దు. అర్థమైందమ్మా. అలాగేనమ్మా."

వాళ్లు వెళ్లాక ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. అటెండరుని పిలిచాడు. "ఏ పార్టీకీ చెందనివాడు కావాలంటున్నారయ్యా. ఎక్కడ తెచ్చేది?"

"బాపట్ల నుంచి ముత్తయ్యగారని ఇండిపెండెంటు తిరుగుతున్నాడండి," అన్నాడు అటెండరు. "ఈల గుర్తంట. ఇంకా ఇవ్వలేదు గానీ ఇస్తే ఈలే ఇవ్వమంటన్నాడంట."

సోమవారం ముత్తయ్యగారు బాపట్ల బస్సు దిగాడు. ఖద్దరు చొక్కా, చంకలో గోనెసంచి. ఆయన ఎక్కువసేపు మాట్లాడలేదు. పిల్లలూ, అన్యాయం ఎక్కడ కనిపిస్తే అక్కడ ఈల వేయండి, అని చెప్పి సంచి విప్పి బడిలో ఉన్న పిల్లలందరికీ తలా ఒక ప్లాస్టిక్ ఈల పంచి వెళ్లిపోయాడు.

ఆ రోజు రేపల్లెలో అన్యాయం ఇంత ఎక్కువగా ఉందని ఎవరికీ అప్పటిదాకా తెలియదు. హోంవర్కు ఇచ్చిన సైన్సు టీచరు మీద ఈల. చిల్లర ఇవ్వని ఐసు బండివాడి మీద ఈల. డ్రిల్లు మాస్టారు ఆగమని తన ఈల వేస్తే, పిల్లలు జవాబుగా వాళ్ల ఈలలు వేశారు. సాయంత్రం బస్టాండులో కండక్టరు టీ తాగుతుండగా ఎవరో రెండు ఈలలు వేశారు. డ్రైవరు అలవాటు ప్రకారం బస్సు పోనిచ్చాడు. చెరుకుపల్లి దగ్గర ఎవరో టిక్కెట్టడిగేదాకా బస్సులో కండక్టరు లేడన్న సంగతి బయటపడలేదు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ వంటిళ్లకు తగిలింది. మోగింది కుక్కరో పక్కింటి పిల్లాడో తెలియక ఆడవాళ్లు లెక్క తప్పి పొయ్యి కట్టేశారు. ఆ రాత్రి పేటలో సగం ఇళ్లలో పప్పు పలుకుగానే ఉండిపోయింది.

పార్టీల సంగతి ఎలా ఉన్నా, పప్పు ఉడక్కపోతే ఎవరూ ఊరుకోరు. మంగళవారం పొద్దున బడి గేటు ముందు తల్లులూ తండ్రులూ గుంపుగా చేరారు. ముందు గౌసియా, పక్కన ఈశ్వరమ్మ. దశరథరామయ్యగారు కిటికీలోంచి చూసి హడలిపోయాడు. అంతమందికి ఒకేసారి అలాగేనండి అనాలంటే గొంతు చాలదని ఇమ్తియాజ్‌కి ఫోన్ చేశాడు. ఇమ్తియాజ్ భార్య వైపు చూడకుండా వచ్చి, వరండాలో మైకు బిగించి, మైదానంలోకి రెండు హారన్లు తిప్పి పెట్టాడు.

రేపల్లెలో ఒకచోట జనం, మైకు రెండూ ఉన్నాయంటే ఆ కబురు నాయకులకి ఎలా చేరుతుందో ఎవరికీ తెలియదు. చేరుతుంది. గొడుగు మత్తయిగారు జీపులో వచ్చారు. నిచ్చెన పరంధామయ్యగారు ఆయన వెనకే కారులో వచ్చారు. ముత్తయ్యగారు, ముందురోజు బడికి రాని పిల్లలకి కూడా ఈలలు ఇద్దామని, గోనెసంచితో నడుచుకుంటూ వచ్చాడు. దశరథరామయ్యగారు ముగ్గురికీ నమస్కారం పెట్టి ముగ్గురినీ కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

అది చూసి గౌసియాకి ఒళ్లు మండింది. కొంగు బిగించి వరండా ఎక్కింది. జన్మలో మైకు ముందు నిలబడలేదామె. ఇంట్లో ఇన్ని మైకులున్నా ఒక్కటీ పట్టుకోలేదు. రెండు చేతులా గట్టిగా పట్టుకుని, మీ ఉపన్యాసాలు మాకొద్దు, మా పిల్లలకి పరీక్షలొస్తున్నాయి, అని మొదలుపెట్టింది. హారన్ కుయ్యిమని కీచుపెట్టింది. ఆ కీచులో ఆమె మాటలన్నీ కలిసిపోయాయి. ఇమ్తియాజ్ గబగబా మీట తిప్పేసరికి చివరి మాట ఒక్కటే నాలుగు వీధుల దాకా స్పష్టంగా వినబడింది.

"లెక్కలు చెప్పండి! ముందు లెక్కలు చెప్పండి!"

మైదానంలో జనానికి ఆ మాట నచ్చింది. "లెక్కలు చెప్పండి! లెక్కలు చెప్పండి!" అని అందరూ అందుకున్నారు. పిల్లలు ఈలలతో తాళం వేశారు.

గొడుగు మత్తయిగారి మొహం పాలిపోయింది. లేచి మైకు దగ్గరికి వచ్చారు.

"ఏ లెక్కలమ్మా? పేటలో సైడు కాలవ లెక్కలా? అది నా ఒక్కడి పనీ కాదు. కాంట్రాక్టు పరంధామయ్యగారి బావమరిదిది. కాలవ ఎక్కడుందో ఆయన్నడగండి!"

"నా బావమరిది జోలికి రాకండి!" పరంధామయ్యగారు కుర్చీ తన్నేసి లేచారు. "బిల్లు పాస్ చేయించింది ఎవరండి? వాటర్ ట్యాంకు సంగతి చెప్పమంటారా? నీళ్లు రాని ట్యాంకుకి రిబ్బను కత్తిరించింది మీరు కాదూ?"

"పక్కన నిలబడి కత్తెర అందించింది మీరు కాదూ?"

ఊరికి ఎన్నాళ్లుగానో తెలియని విషయాలు ఒక్కొక్కటే హారన్లలోంచి వస్తున్నాయి. జనం నోళ్లు తెరుచుకుని వింటున్నారు. గౌసియాకి తనేమడిగిందో, వీళ్లేం చెబుతున్నారో అర్థం కాలేదు. ఇక దశరథరామయ్యగారు ఉండబట్టలేక పరుగెత్తుకుంటూ వచ్చి మత్తయిగారి చెవిలో రహస్యంగా అన్నాడు. మత్తయిగారి చేతిలో మైకు ఉన్న సంగతి ఆ గాభరాలో ఆయన చూసుకోలేదు.

"అయ్యా, వాళ్లడిగేది ఆ లెక్కలు కాదండి! ఆల్జీబ్రా, జామెట్రీ! దసరా నుంచి బళ్లో లెక్కల మాస్టారు లేరండి. ఏసుబాబు మాస్టారిని బాపట్ల డిప్యుటేషన్ వేయించింది మీరే కదండీ. పరంధామయ్యగారు కూడా సిఫారసు చేశారు. ఇద్దరూ అడిగారు, కాదనలేకపోయాను. ఆ పీరియడ్లో పిల్లలు గోల చేయకుండా ఉంటారనే మీ ఉపన్యాసాలు పెట్టించానండి..."

సగంలో ఆయనకి తన గొంతు ఆకాశంలోంచి వినబడింది. తల తిప్పి చూసి, ఆపెయ్, ఆపెయ్ అని ఇమ్తియాజ్‌కి సైగ చేశాడు. మత్తయిగారు సైగ చేశారు. పరంధామయ్యగారూ సైగ చేశారు. ముగ్గురూ అతని దగ్గర ఏటా మైకులు తీసుకునేవాళ్లే. ఇమ్తియాజ్ మీట మీద చెయ్యి వేసి భార్య వైపు చూశాడు. పెరుగు లేని అన్నం గుర్తొచ్చిందో, ఆమె బిగించిన కొంగే కనిపించిందో తెలియదు. మీట తిప్పాడు. సౌండు ఇంకాస్త పెరిగింది.

ఉపన్యాసాల వల్ల లెక్కలు పోతున్నాయనుకుంటే, లెక్కలు లేకపోబట్టే ఉపన్యాసాలు వచ్చాయి. గౌసియా కూతురి వైపు తిరిగింది.

"దసరా నుంచి మాస్టారు లేరా? ఒక్కసారైనా చెప్పలేదేమే?"

లెక్కల మాస్టారు రావడంలేదన్నది ఏ బడిలోనూ పిల్లలు ఇంటికొచ్చి ఫిర్యాదు చేసే విషయం కాదు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు దశరథరామయ్యగారు. "ఎవరడిగినా కాదనలేను. నా ఒంట్లో ఆ మాట లేదు."

ఆయన మొహం చూశాక గౌసియా కోపం దిగిపోయింది. "ఒక్కసారి అనండి సార్," అంది మెల్లిగా. "ఇప్పుడే. మేమందరం ఉన్నాం కదా."

ఆయన నాయకుల వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. "కా..." అన్నాడు. నీళ్లు తాగాడు. "కా..." అన్నాడు మళ్లీ. "కానివ్వండి సారూ, మీరనగలరు!" అని ఈశ్వరమ్మ కేకేసింది.

"కాదు!" అన్నాడు దశరథరామయ్యగారు. "కాదండి! లెక్కల మాస్టారు వచ్చేదాకా ఈ బళ్లో ఎవరి ఉపన్యాసమూ జరగదు. వచ్చాక అసలే జరగదు!"

రేపల్లె స్టేషన్ దాకా చప్పట్లు వినిపించాయి. పిల్లలు వేసిన ఈలలకి లెక్కలేదు. ఆయన చెమట తుడుచుకుంటూ, ఎవరో బరువు దించినట్టు నవ్వాడు.

ఇక నాయకులు ఊరుకుంటారా? ముందు ఓటర్లున్నారు.

"శనివారానికల్లా ఏసుబాబు మాస్టారు ఇక్కడుంటారు. నాదీ పూచీ!" అన్నారు మత్తయిగారు.

"శనివారం దాకా ఎందుకు? తెనాలిలో మా మేనల్లుడు ట్యూషన్లు చెబుతాడు. రేపు పొద్దున పాసింజరుకి దిగుతాడు!" అన్నారు పరంధామయ్యగారు.

ముత్తయ్యగారు గోనెసంచి కింద పెట్టాడు. "రేపెందుకండి?" అన్నాడు. "నేను బాపట్లలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. సుద్దముక్క ఉంటే ఇవ్వండి."

అందరూ ఆయన వైపు విచిత్రంగా చూశారు. "మరి నిన్న బడికొచ్చినప్పుడు చెప్పలేదేంటండి?" అంది గౌసియా.

"పాఠం చెప్తానంటే ఎవరు పిలుస్తున్నారమ్మా ఈ రోజుల్లో? పోటీ చేస్తున్నానంటే పిలుస్తున్నారు," అన్నాడాయన.

వరండాలోకి బోర్డు తెచ్చి పెట్టారు. వర్గ సమీకరణం రాసి, మైకులో పాఠం మొదలుపెట్టాడు. అర్థమైతే ఒక ఈల, కాకపోతే రెండు ఈలలు అన్నాడు. మొదట్లో మైదానమంతా రెండేసి ఈలలు మోగాయి. ఆయన మళ్లీ చెప్పాడు. ఇంకోరకంగా చెప్పాడు. గుణకారం దగ్గర సుమయా కళ్లు చిట్లించి, ఉన్నట్టుండి ఒక్క ఈల వేసింది. గౌసియా నేల మీద కూర్చుని కొంగు చాటున పెదవులు కదుపుతూ తనూ లెక్క కట్టింది. జవాబొచ్చింది. చుట్టూ చూసి, ఎవరూ చూడటం లేదనుకుని, కూతురి చేతిలో ఈల తీసుకుని చిన్నగా ఊదింది. ఇమ్తియాజ్ చూడనే చూశాడు.

శనివారానికి ముగ్గురు లెక్కల మాస్టార్లూ వచ్చేశారు. ఎవరి మాట వాళ్లు నిలబెట్టుకున్నారు మరి. ఉన్న ఒక్క 'కాదు' దశరథరామయ్యగారు మంగళవారమే వాడేశాడు, కాబట్టి ముగ్గురికీ అలాగేనండి అన్నాడు. పొద్దున ఏసుబాబు మాస్టారు, మధ్యాహ్నం మేనల్లుడు, సాయంత్రం ముత్తయ్యగారు. నాలుగు రోజులు ఓర్చుకున్నాక పిల్లలు సాయి తేజని ముందు పెట్టుకుని గౌసియా ఇంటికొచ్చారు.

"అత్తా, మీరు చెప్తే హెడ్మాస్టరుగారు వింటారు. మధ్యాహ్నం పూటన్నా ఎవరిదైనా ఉపన్యాసం పెట్టించమనండి అత్తా!"

గౌసియా వాళ్లందరికీ దోసెలు పోసిపెట్టి, మర్నాడు బడికి వెళ్లి, పక్కనే కూర్చుని ఆయన చేత రెండో 'కాదు' అనిపించింది. మేనల్లుడు తెనాలి వెళ్లిపోయాడు. ఏసుబాబు మాస్టారు ఇద్దరు నాయకులకీ భయపడి ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ముత్తయ్యగారు సాయంత్రాలు ప్రచారం మానేసి పాఠం చెప్పాడు. ఆయన అనుచరులు ఇద్దరే. వాళ్లు కూడా పాఠం వినడానికే వచ్చేవారు.

మే నెలలో రెండు ఫలితాలూ వచ్చాయి. క్లాసులో లెక్కలు తప్పినవాళ్లు ఒక్కరూ లేరు. ముత్తయ్యగారికి డిపాజిట్టు పోయింది. ఆయన మర్నాడు బస్సెక్కి రేపల్లె వచ్చి, గోనెసంచిలోంచి మిఠాయి పొట్లాలు తీసి పేటంతా పంచాడు. ఓడిపోయినాయన మిఠాయిలు పంచడమేంటని జనం ఆశ్చర్యపోయారు. సుమయా మార్కులు చూసి ఆయన రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆ వచ్చే సంవత్సరం ప్రైవేటుగా లెక్కల పరీక్ష తనూ రాస్తానని గౌసియా చెబితే, ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు.

"మీరు బాధపడకండి సార్," అన్నాడు సాయి తేజ, మిఠాయి నములుతూ. "వచ్చే ఎన్నికలకి మా అందరికీ ఓటొస్తుంది. అందరం మీకే వేస్తాం."

ముత్తయ్యగారు సంచి దులిపి చంకన పెట్టుకున్నాడు.

"లెక్కలొచ్చినవాడు నాకెందుకు వేస్తాడ్రా?"